పోర్టు పట్టుకున్న చెయ్యి

కోసపాళయంలో పాత కంప్యూటర్లు బాగుచేసే విజయరంగన్‌కు మిల్లు పని మానినప్పటి నుంచి కుడిచెయ్యి వణుకు. స్క్రూలు ఎడమచేత్తోనే తిప్పేవాడు. భార్య భాగ్యం అతనికి కాఫీ ఒలకకుండా సగం టంబ్లరే పోసేది.

2003లో ఒక మధ్యాహ్నం శుభలేఖలు అచ్చేసే అరవిందన్ తన పాత కంప్యూటర్ మోసుకొచ్చాడు. సీడీలో ఉన్న డిజైన్లు సాయంత్రంలోగా అందులోకి ఎక్కాలి. దానికి సీడీ పెట్టే చోటే లేదు. విజయరంగన్ బయటి సీడీ డ్రైవును ప్రింటర్ పోర్టుకు తగిలించాడు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ప్లగ్ మరలు బిగియలేదు. ప్లగ్ కాస్త కదిలినా కాపీ మళ్ళీ మొదలుపెట్టాలి. గోడకూ కంప్యూటర్‌కూ మధ్య సందులో కుడిచెయ్యే దూరింది. దాంతోనే అదిమి పట్టాడు.

"నేను పట్టుకుంటా, మీరు లెయ్యండి," అంది భాగ్యం.

"యాడా చెయ్యి పెట్టొద్దు. ఊరికే నిలబడు."

నలభై నిమిషాలు కాపీ సాగింది. తెరమీది శాతం అంకె ఎనభై దగ్గర చాలాసేపు ఆగింది. అరవిందన్ గడియారం చూసుకున్నాడు. విజయరంగన్ చెయ్యి మాత్రం మేకు కొట్టినట్టు నిలిచింది. చివరికి నూరు వచ్చింది.

ఆరోజు భాగ్యం కాఫీ నిండుగా పోసి తెచ్చింది. అతను టంబ్లర్ వైపు చూశాడు, తన చేతివైపు చూశాడు. అది మళ్ళీ వణుకుతోంది.

"సగం తీసెయ్," అన్నాడు.