కాటా ఎక్కిన నలుగురం

నిన్న నరసరావుపేటలో ఎండుమిర్చి కొట్టు ముందు నడుస్తుంటే తుమ్ము వచ్చింది. లోపల మూలన బస్తాలు తూచే పాత ఇనుప కాటా కనిపించి ఆగిపోయాను. మన బడి పక్కన సుబ్బయ్య బాబాయి మిర్చి కొట్లో ఉన్నదీ అలాంటిదే, గుర్తుందా నేస్తాల్లారా?

బళ్ళో నేను నోరు విప్పేవాణ్ణి కాదని మీకు తెలుసు. నేను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపించి, చదువు మానేద్దామనుకున్న రోజులవి.

పరమాణువు ద్రవ్యరాశి పాఠం రోజున సైన్సు మాస్టారు మనల్ని ఆ కొట్టుకు నడిపించారు. హీలియం పరమాణువును చూపిస్తానని, ఇద్దరు వాగుడుకాయల్ని ప్రోటాన్లుగా కాటా ఎక్కించారు. విద్యుదావేశం లేని న్యూట్రాన్లుగా నన్నూ, నాలాగే పలకని వీరయ్యనూ వాళ్ళ పక్కన నిలబెట్టారు.

“ఏంది మాస్టారూ, పిల్లల్ని గూడా గుంటూరు మిర్చి యార్డుకి తోలతన్నారా?” అని నవ్వుతూనే బాబాయి గుండు జరిపి కాటా కడ్డీని సమంగా నిలిపాడు.

చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఇవి అంటూ మాస్టారు మా కాళ్ళ దగ్గర రెండు మిరపగింజలు వేశారు. కడ్డీ కదల్లేదు.

“కొరికితే మంటేగానీ కాటాకి ఆనవు,” అన్నారు.

“ఈ మూగోళ్ళూ అంతేనండీ!” అని మీలోనే ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

మాస్టారు మా ఇద్దర్నీ దిగమన్నారు. కడ్డీ కొస టంగున కిందికి వాలింది.

“చూశార్రా? సగం బరువు వీళ్ళదే.”

మళ్ళీ ఎక్కించి నన్నే అడిగారు. “ఇప్పుడు చెప్పరా, పరమాణువు బరువు దేన్నిబట్టి ఉంటది?”

“మా నలుగుర్నిబట్టండీ,” అన్నాను.

“ఓరినీ, వీడికి మాటలొచ్చే!” అన్నాడు బాబాయి.

మర్నాడు బడి తలుపులు తీయకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.