ఇరవై ఊపులకు ముప్పై ఎనిమిది సెకన్లు

2023 డిసెంబరులో, విజయవాడలో నేను పనిచేసే డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో, ఒక అమ్మాయి కొలిచి రాసిన అంకెను తుడిచేసి నాకు కావలసిన అంకె రాశాను. పైగా తప్పు ఆమెదే అన్నాను.

ఆ రోజు చల్లపల్లి నుంచి ఇంటర్ పిల్లలు బస్సులో వచ్చారు. ఆ వయసులో అందరూ ఇంజనీరింగ్ వైపే చూస్తారు. డిగ్రీలో ఫిజిక్స్ చదవడం ఎలా ఉంటుందో వాళ్లకు చూపించడం నా పని. "పుస్తకంలో ఉందని నమ్మకండి, కొలిచి చూసి నమ్మండి" అని గొప్పగా మొదలుపెట్టాను. ఈ చదువు ఎవరికి ఇష్టమని అడిగితే సువార్త అనే అమ్మాయి ఒక్కతే చెయ్యెత్తింది.

సింపుల్ పెండ్యులం అంటే దారానికి వేలాడే చిన్న ఇత్తడి గుండు. అది అటు వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు. దారం మీటరు పొడవుంటే ఇరవై ఊపులకు దాదాపు నలభై సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ సువార్తకిచ్చి ఊపులు నేను లెక్కపెట్టాను. ఆమె బోర్డు మీద 38 అని రాసింది.

"నలభై రావాలమ్మా. ముందే నొక్కేశావు."

"మీరు ఇరవై అన్నాకే నొక్కానండీ."

"సర్లే, చెయ్యి అలవాటు లేదు" అంటూ తుడిచి 40 రాశాను.

వెనక నుంచి ఒక కుర్రాడు, "వాళ్ల నాన్న రొయ్యల చెరువు దగ్గర మోటార్ స్విచ్ అనుకుందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిజిక్స్‌లో చేరాలనుకునేవాళ్లు నింపడానికి ఇచ్చిన ఫారాన్ని బస్సెక్కేముందు ఆమె ఖాళీగా తిరిగిచ్చింది. "నాకిది రాదేమోనండీ" అంది, నా మొహం చూడకుండా.

సామాను సర్దుతూ మా ల్యాబ్ అటెండర్ వెంకటరత్నం నెమ్మదిగా అన్నాడు. "ఏమనుకోకండి సార్. గుండు వదలగానే మీరు ఒకటి అన్నారు. సున్నా అనాలి కదండీ."

అంటే ఊగినవి పంతొమ్మిదే. పంతొమ్మిదికి ముప్పై ఎనిమిది సెకన్లే సరైన లెక్క.

"అప్పుడే చెప్పకపోయావా?"

"పిల్లల ముందు మిమ్మల్ని ఎలా అంటానండీ."

పిల్లల ముందు ఆమెను అనడానికి నాకేమీ అడ్డురాలేదు. లెక్క తప్పడం ఎవరికైనా జరుగుతుంది. ఆమె కొలతను తుడిచెయ్యడం అలాంటిది కాదు.

సోమవారం సెలవు పెట్టి, గుండు, దారం, స్టాండు, స్టాప్‌వాచ్ సంచిలో వేసుకుని చల్లపల్లి బస్సెక్కాను. ఆ నవ్విన క్లాసులోనే నిలబడి జరిగింది చెప్పాను. ఈసారి లెక్క సువార్తది, వాచీ నాది. నలభై పైన కొంచెం వచ్చింది.

"అయితే ఆ రోజు నాది కరెక్టేనాండీ?"

"కరెక్టేనమ్మా. తప్పు నాది."

"మరి నలభై ఎందుకు రాశారండీ?"

"నలభై వస్తుందని ముందే తెలుసు కాబట్టి."

"తెలిసినప్పుడు ఇంక కొలవడం దేనికండీ?"

పాతికేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్నే అయినా, ఫారం మళ్లీ చేతికివ్వడానికి మొహం చెల్లలేదు. బల్ల మీద పెట్టి, తెచ్చిన సామానంతా అక్కడే వదిలి వచ్చేశాను.

నెల తర్వాత ఫారం నింపి పంపింది. దానికి గుచ్చిన కాగితం మీద పది కొలతలున్నాయి. ఒక్కటీ సరిగ్గా నలభై కాదు. ఒకదాని పక్కన "ఇక్కడ లెక్క తప్పాను" అని రాసుకుంది కానీ, ఆ అంకెను కొట్టెయ్యలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఫస్టియర్ పిల్లల రికార్డులు తెప్పించాను. పుస్తకంలో ఉన్న జవాబుకు సరిపోయేలా వెనక నుంచి లెక్క కట్టిన అంకెలు, కింద నా సంతకాలు. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు పెట్టినవే. సువార్త పంపిన కాగితం వాళ్లకు చూపించి, నా సంతకాలన్నీ నేనే కొట్టేసి, ప్రయోగం మళ్లీ సున్నా నుంచి చేయించాను.