తిరగడం రాని కారు

పోయిన నెల మావారు కొత్త కారు చూద్దామని నన్ను మస్కట్‌లోని అల్ మవాలేలో ఒక షోరూముకి తీసుకెళ్ళారు. బ్యాటరీతో నడిచే కారు. అమ్మే కుర్రాడు మర్యాదగా తలుపు తెరిచి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, బండి స్టార్ట్ అయ్యే ఉందన్నాడు. నాకేమీ వినపడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ ఇంతకంటే ఎక్కువ చప్పుడు చేస్తుంది. మావారు ఏసీ ఎంతసేపట్లో చల్లబడుతుందని అడిగారు, నాలుగేళ్ళ తర్వాత అమ్ముకుంటే గిట్టుబాటవుతుందా అని అడిగారు. మస్కట్‌లో మన తెలుగువాళ్ళు కారు గురించి అడిగే ప్రశ్నలు ఈ రెండే. మూడో ప్రశ్న ఇన్నేళ్ళలో నేను వినలేదు. నేను మాత్రం స్టీరింగుని అటూ ఇటూ తిప్పుతూ, ఈ బండిని మా పెద్దాయన ఎలా తిట్టి ఉండేవాడో అని ఆలోచిస్తూ కూర్చుండిపోయాను.

పెద్దాయనంటే మాకు చుట్టమేమీ కాదు. నేను చాలాకాలం పనిచేసిన ఇంగ్లీషు వారపత్రికలో కార్ల పేజీ రాసే బ్రిటిష్ విమర్శకుడు. ఆయన రాసినదాన్ని దిద్ది పేజీలో పెట్టడం నా పని. కాకినాడలో మా నాన్నగారి స్కూటరు వెనకసీటు తప్ప వేరే వాహనశాస్త్రం ఎరగని నాకు ఆ పని అప్పజెప్పడం ఎడిటరు చేసిన సాహసమే. పెద్దాయన మనిషి పొడుగు, కాస్త ముందుకి వంగి నడిచేవాడు. మే నెల ఎండలో కూడా ఇస్త్రీ నలగని పూర్తిచేతుల చొక్కా వేసుకుని, సబ్బు వాసనా పెట్రోలు వాసనా కలిపి మోసుకుంటూ వచ్చేవాడు. సొంత కారు రెండే సీట్లున్న పాతకాలపు ఇంగ్లీషు బండి. దానికి ఏసీ లేదు. ఎక్కడ ఆపితే అక్కడ ఆయిలు కార్చేది. మా ఆఫీసు కాపలాదారు విసిగిపోయి, ఆయన కారు ఆపే చోట బిర్యానీ వడ్డించే పెద్ద పళ్ళెం ఒకటి శాశ్వతంగా పెట్టేశాడు. అలాంటి బండి నడుపుతూ ఇతరుల కార్లకి వంకలు పెట్టడానికి గుండెధైర్యం కావాలి. అది ఆయనకి పుష్కలంగా ఉండేది.

ప్రపంచంలోని కార్లన్నింటి మీదా ఆయనకి అభిప్రాయాలుండేవి గాని, అమెరికన్ స్పోర్ట్స్ కార్ల మీద ఉన్నది అభిప్రాయం కాదు, పంతం. వాళ్ళ దేశంలో రోడ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి వాళ్ళ కార్లకి తిరగడం ఎవరూ నేర్పలేదని రాసేవాడు. అంత పెద్ద ఇంజను పెట్టి ఆ మాత్రం పని చేయించడం, గాడిపొయ్యి వెలిగించి కప్పు కాఫీ కాచుకున్నట్టని నాకు అర్థమయ్యేది. ఆటోమేటిక్ గేర్లంటే మరీ మంట. ఎడమకాలికి పని చెప్పని కారు సగం మనిషికి సరిపోతుందని ఒకసారి రాశాడు. ఆ వాక్యం చదివి నేను నవ్వాను, ఎడిటరు నవ్వాడు, పాఠకులు కూడా నవ్వే ఉంటారు. ఇక్కడ ఒమానీ కుర్రాళ్ళకేమో ఆ అమెరికన్ కార్లంటే ప్రాణం. సీబ్ నుంచి సొహార్ దాకా సముద్రం పక్కన గీత గీసినట్టు పోయే రోడ్డు మీద అవి ఉరుముకుంటూ వెళ్తుంటే పక్కకి తప్పుకోవడం మాబోటివాళ్ళకి అలవాటే.

అంత పంతం ఎందుకని ఒకసారి టీ తాగుతూ అడిగాను. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి దగ్గర అమెరికా సైనికుల స్థావరం ఉండేదట. వాళ్ళు పడవల్లాంటి కార్లు తెప్పించుకునేవారు. రెండువైపులా రాతిగోడలున్న సన్నటి సందులో అలాంటిదొకటి తిరగలేక, వాళ్ళ నాయనమ్మ ఇంటి గోడ కూల్చేసింది. సైనికుడు నవ్వి, పిల్లలకి చూయింగ్‌గమ్ ఇచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ ముసలావిడ వారంరోజులు ఒక్కొక్క రాయీ పేర్చుకుని గోడ మళ్ళీ కట్టుకుంది. ఇది చెప్పి ఆయన టీ పూర్తిచేసి లేచిపోయాడు. చూయింగ్‌గమ్ తిన్నారా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఒక ఉదయం మా ఆఫీసు డ్రైవరు నుంచి ఫోనొచ్చింది. జగిత్యాల వైపు అబ్బాయి. నన్ను అక్కా అని పిలుస్తాడు, మా ఇంట్లో పండక్కి బూరెలు వండితే అతనికి వాటా ఉండాల్సిందే. ఏదో కొత్త కారు పరీక్షకి పెద్దాయన్ని తీసుకెళ్దామని ఆయన ఇంటికి వెళ్ళాడు.

“అక్కా, సార్ మాట ముద్దముద్దగ వస్తుంది. ఎడమ చెయ్యి లేస్తలేదు. నేను సీదా దవాఖానకే తీస్కపోతున్న. మీరు ఎడిటర్ సార్‌కు చెప్పుండ్రి,” అన్నాడు.

ఎవరినీ అడగకుండా, ఎవరి కోసమూ ఆగకుండా అతను చేసిన ఆ పనివల్లే మనిషి దక్కాడని డాక్టర్లు తర్వాత చెప్పారు. కానీ ఎడమవైపు పడిపోయింది. మాట కూడా నాలుక మడతపడ్డట్టు వచ్చేది. ఆయనకి భార్య ఏనాడో పోయింది, పిల్లల్లేరు, ఉన్న ఒక్క చెల్లెలూ ఇంగ్లండులో మోకాళ్ళ నొప్పులతో కదల్లేని స్థితి. అందుకని ఆఫీసువాళ్ళమే వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. నేను ఫ్లాస్కులో మిరియాల చారు పట్టుకెళ్ళేదాన్ని. స్పూనుతో పట్టిస్తే ఆయన గోడకేసి చూస్తూ తాగేవాడు. జీవితమంతా మాటలతో బతికిన మనిషి రెండువారాలు మాట్లాడే ప్రయత్నమే చెయ్యలేదు. సరిగ్గా పలకని మాట పలకడంకన్నా మౌనం మర్యాద అనుకున్నాడో ఏమో.

ఆయనకి ఫిజియోథెరపీ చేయించడానికి వచ్చిన ఒమానీ అమ్మాయిది సొహార్ దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఖబూరా. తండ్రికి అక్కడ చేపల పడవా, కాసిని నిమ్మచెట్లూ ఉన్నాయట. ముప్పై దాటి ఉంటుంది. మాటలో నాన్చుడు లేదు. మొదటిరోజు ఫైలు మీద పేరు చూసి, కాసేపు ఆయన మొహంలోకి చూసి, “నా కారుకి తిరగడం రాదని రాసింది మీరేనా?” అని అడిగింది. ఆమెది ఆటోమేటిక్ గేర్లున్న పసుపుపచ్చ అమెరికన్ స్పోర్ట్స్ కారు. ఎవరో వాడినదాన్ని ఇష్టపడి కొనుక్కుందట. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. నిద్ర నటించడం కూడా సరిగ్గా రాలేదు పాపం.

ఆ అమ్మాయి అక్కడితో వదల్లేదు. రోజూ ఆయన కాలు పైకి ఎత్తిస్తూ, దింపిస్తూ, తన కారుని పొగిడేది. దాని ఇంజనుని పొగిడేది, సీట్లని పొగిడేది, ఇంగ్లీషు కార్లు వానొస్తే తడుస్తాయి, ఎండొస్తే ఎండిపోతాయి అనేది. నేను పక్కన కూర్చుని వింటూ, రోగితో ఇలాగేనా మాట్లాడేది అని లోపల్లోపల నొచ్చుకున్నాను. నాలుగోరోజో ఐదోరోజో ఆయన మొహం ఎర్రబడింది. పెదవి ఒకవైపే కదులుతోంది. దుప్పటిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

“దానికి... తిరగడం... రాదు,” అన్నాడు.

ఆమె ఆయన కాలు జాగ్రత్తగా మంచం మీద దింపి, వినపడలేదంది. ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి ముందుకన్నా స్పష్టంగా వచ్చింది. తర్వాతి నెలల్లో ఆయన నేర్చుకున్న ప్రతి మాటా, వేసిన ప్రతి అడుగూ దాదాపు ఆ తగాదా మీదే నడిచాయి. గుంజిళ్ళు తీయించినట్టు ఆమె చేయించేది, ఆయన అమెరికాని తిట్టుకుంటూ చేసేవాడు. వాకరు పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళి వచ్చిన రోజున, మలుపు దగ్గర గోడకి రాసుకున్నాడు. ఇప్పుడెవరికి తిరగడం రాదని ఆ అమ్మాయి అడిగితే ఇద్దరూ నవ్వారు.

ఒకరోజు ఆయన తన రెండు సీట్ల బండి మళ్ళీ ఎప్పుడు నడపొచ్చని అడిగాడు. మేమైతే తొందరేముంది, చూద్దాం, దేవుడున్నాడు అని ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. “మీరు నడుస్తారు. మెట్లెక్కుతారు. కానీ ఆ పాదం క్లచ్ మీదికి తిరిగి రాదు. ఆ బండిని మీరిక నడపలేరు,” అంది. ఆయన తన ఎడమపాదం వైపు చూసుకున్నాడు. తర్వాత తలూపి, ఆరోజు వ్యాయామం మొదలుపెడదామన్నాడు. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వచ్చేశాను.

ఆటోమేటిక్ కారు నడపొచ్చని డాక్టర్లు ఒప్పుకున్నాక, చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున్న ఆమె తన కారు తాళాలు ఆయనకిచ్చింది. ఖబూరా దగ్గర పెద్దరోడ్డు దిగితే కొండల్లోకి పోయే రోడ్డొకటి ఉంది. వాగుని పట్టుకుని మెలికలు తిరుగుతూ వెళ్తుంది. తిరగడం వచ్చో రాదో అక్కడే తేల్చుకోమంది. ఆమె ఆయన పక్కన కూర్చుంది. మా డ్రైవరూ నేనూ ఆఫీసు కారులో వెనకాల. పత్రికలో ఆయన రాయబోయే వ్యాసానికి ఫోటోలు నేనే తియ్యాలి.

మొదట్లో ఆయన ఎడ్లబండి తోలినట్టు తోలాడు. ఒక మేకల మంద మమ్మల్ని దాటి వెళ్ళింది. వాగు దాటాక ఇంజను గొంతు మారింది. పసుపుపచ్చ కారు ఒక మలుపులో ఒరిగి, రెండో మలుపులో సర్దుకుని, మూడో మలుపు తర్వాత మాకు కనపడలేదు. చప్పుడు మాత్రం కొండల మధ్య తిరుగుతూ వినిపిస్తోంది. మా డ్రైవరు వేగం పెంచలేదు. అద్దం దించి ఆ చప్పుడు విన్నాడు.

“సార్ మల్ల సార్ అయిండు అక్కా,” అన్నాడు.

మేం వెళ్ళేసరికి కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆయన దిగలేదు. రెండుచేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఒకప్పుడు లేవని ఆ ఎడమచెయ్యి కూడా. ఆ అమ్మాయి కిటికీలోంచి కొండలకేసి చూస్తోంది. ఫోటో తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. కాసేపటికి ఆయన ఆమె వైపు తిరిగి, ఇంజను అద్భుతమనీ, స్టీరింగు మాత్రం ముందు చక్రాలు ఎటు తిరిగాయో చేతికి చెప్పడంలేదనీ అన్నాడు. ఇంకొక్కసారి నడపనిస్తావా అని కూడా అడిగాడు.

వ్యాసం ఒక చేత్తో టైపు చేసి పంపాడు. ఇంజను గురించి రాసిన పేరా చదివితే కారు కొనుక్కోవాలనిపించింది. ఆటోమేటిక్ గేర్ల మీద తను వేసిన పాత హాస్యాన్ని ఒక్క వాక్యంలో వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆ తర్వాత పేరా నిండా స్టీరింగు ఉతికి ఆరేశాడు. ఎడిటరుకి అది నచ్చలేదు. తనని నడిపించిన అమ్మాయి కారెక్కి పంతం వదులుకున్న ముసలి విమర్శకుడు, ఇదీ ఎడిటరుకి కావలసిన కథ. ఆ పేరా తీసేయమని పెద్దాయనకి నచ్చజెప్పే పని నాకు పడింది.

వెళ్ళి చెప్పాను. ఆ అమ్మాయి ఎంత చేసిందో మీకు తెలుసు కదా, ఒక్క పేరాయే కదా అన్నాను. ఆయన మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే పేర్చుకుంటూ జవాబు చెప్పాడు.

“నా పాదం క్లచ్ మీదికి రాదని ఆమె నా మొహం మీదే చెప్పింది. మెత్తగా చెప్పలేదు. మీరంతా మెత్తగా మాట్లాడుతున్న రోజుల్లో నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతే. ఆమె కారు గురించి నేను మెత్తగా ఎలా రాస్తాను?”

నేను తిరిగొచ్చి పేరా అలాగే ఉంచాను. ఎడిటరుతో ఒక పూట వాదన జరిగింది, చివరికి అలాగే అచ్చయింది. ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని నాకు బెంగగానే ఉండేది. పత్రిక పట్టుకుని ఆసుపత్రికి వెళితే, అప్పటికే చదివేసింది. “ఆయన రాసింది నిజమే,” అంది. “మలుపులో అది చెప్పిన మాట వినదు. కానీ ఖబూరా నుంచి డ్యూటీకి నేను రోజూ తిన్నగానే వస్తాను కదా.” ఆమె కళ్ళు మెరిశాయి. పొగిడి ఉంటే, ఆయన ఇంకా రోగిలాగే ఉన్నాడని బాధపడేదాన్నని చెప్పింది.

మరుసటి ఏడాది ఆయన చెల్లెలి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. మా డ్రైవరే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. అక్కడినుంచి ప్రతి ఆదివారం ఆ అమ్మాయికి ఫోన్ చేసేవాడు. ఈ వారం వ్యాయామం చేశానని చెప్పేవాడు, తర్వాత అరగంట కార్ల మీద తగువు. ఆమె పెళ్ళయ్యాక కూడా ఆ ఫోను ఆగలేదు, ఆమె భర్త నవ్వుతూ అవతలి గదిలోకి వెళ్ళిపోయేవాడట. ఒక ఆదివారం ఫోను రాలేదు. ఆ తర్వాతి ఆదివారం చెల్లెలు చేసింది. నిద్రలోనే పోయాడని, మంచం పక్కన కుర్చీ మీద ఇస్త్రీ చేసిన చొక్కా మర్నాటికి సిద్ధంగా ఉందని చెప్పింది. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి ఈ సంగతి మామూలు గొంతుతోనే చెప్పి, ఆదివారాలు సాయంత్రం పూట ఏం చెయ్యాలో తోచడంలేదంది. నాకూ వయసు మీదపడుతోంది. మనం ఏమన్నా అవునవుననేవాళ్ళు ఎప్పటికప్పుడు కొత్తగా దొరుకుతూనే ఉంటారు. ప్రేమగా కాదనేవాళ్ళనే కాలం ఒక్కొక్కరిగా పట్టుకుపోతుంది.