సీరియల్లో నా దొంగచూపు

ఇంటింటికీ కేబుల్ వైరు కొత్తగా పాకుతున్న రోజులవి. టీవీలో తెలిసిన మొహం కనబడితే వీధి వీధంతా పనులు మానుకుని చూసే అమాయకపు కాలం. అప్పుడు రాజమండ్రిలో ఓ చిన్న స్కూల్లో లెక్కల మాస్టారిగా ఉన్న నేను, మూడు వారాలపాటు ఊళ్లోకెల్లా చెడ్డవాడిగా బతికాను. కారణం మా బాబాయి. ఆయనకు కేబుల్ ఆఫీసుతోపాటు సొంత ఛానలూ, కళాతృష్ణా ఉండేవి (చివరిదే ప్రమాదకరం). ఎదురింటి ఇల్లాలి మీద మోజుపడి ఉద్యోగమూ కాపురమూ పాడుచేసుకునే మగాడి కథతో సీరియల్ మొదలుపెట్టాడు. అనుకున్న నటుడు జ్వరంతో మంచమెక్కితే ఆ వేషం నా నెత్తిన పడింది.

నాకప్పుడే యానాంలో సంబంధం కుదిరింది. అమ్మాయిని ఒక్కసారి చూశాను. అదీ, తర్వాత మొహం కంటే కాఫీ కప్పే ఎక్కువ గుర్తున్నంత సిగ్గుతో. అలాంటివాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి ఎదురింటావిడను ఆశగా చూడమంటే ఏం చూస్తాను? పన్నెండు టేకులు పాడుచేశాను. "ఒరేయ్, ఆశరా, ఆశ! లెక్క తప్పినవాడిలా ఆ మొహమేంట్రా?" అని బాబాయి జుట్టు పీక్కున్నాడు. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చి పులస చేపలు దొరికే రోజులు. పిన్ని ముందురోజు వండిన పులస పులుసును మట్టిదాకతో సహా ఇంటినుంచి తెప్పించి, కెమెరా పక్కన పెట్టించి మూత తీయించాడు. అంతే, ఒక్క టేకులో ఓకే అయిపోయింది.

ఆ చూపు ఊరిని కుదిపేసింది. సీరియల్ ఆపాలంటూ మహిళా మండలి వాళ్లు కేబుల్ ఆఫీసు ముందు బైఠాయించారు. నేను వస్తుంటే వీధిలో కిటికీలు మూసుకునేవి. రోజూ పలకరించే పూలావిడ "మాస్టారూ, అటు తిరిగి మాట్లాడండి" అంది. (ఇంత తిట్టినవాళ్లూ సీరియల్ వేళకి టీవీల ముందే ఉండేవారు, అది వేరే సంగతి.) ఇవన్నీ భరించాను గానీ, రాజమండ్రిలోనే ఉండే పెళ్లికూతురి మేనత్త ఆ సీరియల్‌ని వీడియో క్యాసెట్టులోకి ఎక్కించి యానాం మోసుకెళ్లింది. మర్నాడే "ముహూర్తాలు ఆపండి" అని కబురొచ్చింది. అమ్మ అన్నం మానేసింది.

బాబాయినీ వెంటబెట్టుకుని యానాం పరిగెత్తాను. కాబోయే మామగారు కుర్చీ చూపించారు గానీ నవ్వలేదు. "అదంతా నటనేనండి" అన్నాను. "అలాంటి చూపు నటిస్తే రాదండి, మనసులో ఉండాలండి" అన్నారాయన. బాబాయి నసుగుతూ పులస సంగతి బయటపెట్టాడు. "చేపని చూసేనాండీ!" అని మేనత్త మూతి విరిచింది. అంతలో పెళ్లికూతురి నాయనమ్మ లోపల్నుంచి, "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కదరా. మనింట్లోనూ ఉందిగా, పెట్టి చూడండి" అంది. విస్తరి వేశారు. మేనత్త క్యాసెట్టు పెట్టి, సరిగ్గా నా చూపు దగ్గర బొమ్మను ఆపింది. ఇల్లంతా నా చుట్టూ నిలబడింది. పులుసు గిన్నె గడప దాటి వచ్చింది. మామగారు నా మొహం చూశారు, టీవీ చూశారు, మళ్లీ నా మొహం చూశారు. "అదే చూపండి, అచ్చం అదే!" అని పకపకా నవ్వారు. శ్రావణంలోనే పెళ్లయిపోయింది.

ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పి నలుగురినీ నవ్విస్తూనే ఉన్నాను. మొన్న చుట్టాలొస్తే మళ్లీ చెప్పాను. వాళ్లు వెళ్లాక మా ఆవిడ మెల్లగా అంది: "ఆ చూపు చేప మీదని తేలాక మావాళ్లందరూ సంతోషించారండి. నేను మాత్రం ఆ రోజు చిన్నబుచ్చుకున్నాను. క్యాసెట్టు చూసినప్పుడు, నన్నెవరైనా అలా చూస్తే బావుణ్ణనిపించింది."

విస్తరి ముందు నేను కూర్చున్నంతసేపూ ఆవిడ గుమ్మం పక్కనే నిలబడి ఉందట. ముళ్లు ఏరుకుంటూ ఒక్కసారీ తలెత్తని ఆ కుర్ర మాస్టారిని తలుచుకుంటే నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఆవిడవైపు తిరిగి చాలాసేపు చూశాను.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?" అంది సిగ్గుపడుతూ.

(ఆ పూట ఇంట్లో వండింది ఉత్త పప్పుచారే.)