ఆపరేషన్ అయ్యాక అమ్మకి ఎవరూ చెప్పని మాట

మా చిన్నప్పుడు... లింగంపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో, అమ్మ చెల్లిని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పాలు పోసేది. గుక్క గుక్కకీ పాలు ముక్కులోంచి బయటికొచ్చేవి. చెల్లి ఉక్కిరిబిక్కిరయ్యేది... అమ్మ కొంగుతో తుడిచి మళ్లీ పోసేది.

మా చెల్లి సుధ పెదవి బాగానే ఉండేది. నోట్లో అంగిలికే చీలిక.

"గ్రహణం నాడు ఏమన్న కోసినవా బిడ్డా?" అని అడిగింది ఇంటి ఓనరమ్మ. అంతే... "వంకాయలు తరిగాను కాబోలండీ" అంటూ అమ్మ నాన్న దగ్గర నెలల తరబడి ఏడ్చింది.

ఏడాది నిండగానే ఆపరేషన్ చేయించమన్నారు డాక్టరు. "గింత పిల్లకు మత్తుమందా? పెద్దగైతే అదే పూడుకుంటది" అంది ఓనరమ్మ. అమ్మ భయపడి ఆగిపోయింది. చివరికి ఆరో ఏట చేయించారు.

రంధ్రం పూడింది. ఇక గండం గడిచిందనుకున్నాం. కానీ సుధ మాట ముక్కులోంచే వచ్చేది... 'పాప' అంటే 'మామ' అన్నట్టు వినిపించేది.

"అన్నీ బాగు చేయించాంగా! ఇంకా ఆ నంగి మాటలేంటే?" అని అమ్మ కసిరేది. నేనూ వెక్కిరించాను... తలుచుకుంటే సిగ్గేస్తుంది. బళ్లో హాజరు పిలిస్తే సుధ చెయ్యెత్తేది గానీ నోరు విప్పేది కాదు.

ఆపరేషన్ తర్వాత మాట నేర్పించడం కూడా వైద్యమేనని మాకు తెలిసేసరికి దానికి ఇరవై రెండేళ్లు. మాట అర్థం కావట్లేదని హైటెక్ సిటీలో ఒక ఇంటర్వ్యూ నుంచి వెనక్కి పంపేశాక, ఎవరో చెబితే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ అంతా వివరించాక అమ్మ అడిగింది.

"అయితే అది దాని తప్పు కాదా అండీ? అన్నేళ్లు దాన్ని తిట్టానే... ఇంతమంది డాక్టర్లలో ఒక్కరైనా నాకు చెప్పలేదేమండీ?"

ఆవిడ ఆ రోజు నుంచే సుధకి మాట నేర్పించడం మొదలుపెట్టింది.

సుధ ఇప్పుడు ఆఫీసు కాల్స్ ధైర్యంగా మాట్లాడుతుంది. కొన్ని అక్షరాలు మాత్రం ఇంకా ముక్కులోకే జారతాయి.

మొన్న గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ఇలాంటి పాపే పుట్టింది. ఫోన్‌లో ఎన్నో వీడియోలు చూసిందట... ఆపరేషన్ తర్వాత ఏం చేయాలో మాత్రం తెలియదు. అమ్మ వాళ్లింటికి వెళ్లి, ఆ అమ్మాయి పక్కనే కూర్చుని, తను చేసిన పొరపాట్లన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పింది.

అప్పుడు ఎవరిని అడగాలో తెలియదు... ఇప్పుడు వీధికో ఆసుపత్రి, చేతికో ఫోన్. అయినా తల్లి పక్కన కూర్చుని విడమరిచి చెప్పేవాళ్లేరీ?

ఒక్క మాట తెలియక మీ ఇంట్లోనూ ఇలా చేజారిన ఏళ్లుంటే రాయండి... ఏ తల్లి కంటైనా పడుతుందేమో.