ఐసు గిన్నె

బుకిట్ పంజాంగ్ అనే పేటలో నేను అద్దెకున్న గది ఒక అంకుల్ ఫ్లాట్‌లోది. మలేషియాలో పుట్టిన తెలుగాయన, ఒంటరి మనిషి. ఏటా జూలైలో న్యూజిలాండ్ వెళ్లి, అక్కడి చలికాలపు నదుల్లో ట్రౌట్ చేపలు పట్టేవారు.

వాటికి కావలసిన ఎరలు మే నెల నుంచే కట్టుకునేవారు. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి, అచ్చం ఈగలా చేసేవారు. గదంతా ఉక్కపోత. బల్ల మీద మాత్రం ఐసుగడ్డల గిన్నె. రెండు చేతులూ అందులో ముంచి, వేళ్లు మొద్దుబారాకే ముడి వేసేవారు.

ఎందుకని అడిగితే, "రివర్ దగ్గర వేళ్లు ఇట్టాగే ఉంటాయమ్మా. వెచ్చటి చేత్తో ఎవడైనా కడతాడు లాహ్" అన్నారు, మలేషియా యాసలో.

రోజూ ఐసు తెచ్చిపెట్టడం నా పనైపోయింది. లోపల విసుక్కుంటూనే తెచ్చేదాన్ని.

పోయిన మే నెలలో ఒక ఆదివారం గిన్నెతో వెళ్లేసరికి ఆయన అప్పటికే కడుతున్నారు. కొక్కెం బొటనవేలిలో దిగబడి ఉంది. దారం ఎర్రగా తడిసింది. ఆయన ముడి వేస్తూనే ఉన్నారు.

"అంకుల్, చెయ్యి!"

అప్పుడు చూసుకున్నారు, ఇంకెవరి చెయ్యో చూసినట్టు. ఆయనకు షుగరు ఎన్నేళ్లుగానో ఉంది. నెమ్మదిగా కొక్కెం ఊడదీశారు. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఆ గిన్నె తీసెయ్యమ్మా. ఇంక ఐసు అక్కర్లేదు" అన్నారు.

ఐసు సింకులో ఒంపేసి వచ్చేసరికి, ఆయన అదే కొక్కేనికి కొత్త దారం చుడుతున్నారు.