ఇంట్లో బిగించిన బ్రేకులు

మా మామ పోయారని మరిది మెదక్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగిన మాట, "నిన్న తలుపులు ఎవరు చూసిండ్రు?" అని. అడిగాక నాకే సిగ్గనిపించింది. కానీ మరిదికి అర్థమైంది. "ఆయనే చూసిండు వదినా. రెండోసారి గూడ చూసిండు. పొద్దుగాల లేవలే," అన్నాడు.

గొళ్లెమైనా, పొయ్యిలో నిప్పైనా, బావి మీద మూతైనా రెండోసారి చూడనిదే మామకు కంటి మీద కునుకు పడేది కాదు. మెదక్ కోర్టులో వకీలు. కోర్టుకు బయలుదేరి సగం దారిలో వెనక్కి వచ్చి కాగితాలన్నీ ఉన్నాయో లేవో చూసుకునేవారు. ఊళ్లో కొందరు నవ్వేవారు. ఆయన ఎవరి కేసు పట్టారో వాళ్లు మాత్రం నవ్వలేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆయనకు ఒక నల్ల కారు ఉండేది. ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మేసిన పాత బండి. దాని విషయంలో మామది ఒకటే మాట. కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకూడదు. కొన్ని నెలలకోసారి సికింద్రాబాద్ తీసుకెళ్లి, కంపెనీ వర్క్‌షాపు బెంచీ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవారు. గ్రీజు పెట్టుకోవడానికి కూడా అంత దూరమా అని అత్త విసుక్కుంటే, "వాళ్లు చేసినదానికి వాళ్లు జవాబు చెప్తరు. నేను చేస్తే ఎవరు చెప్తరు?" అనేవారు.

తర్వాత ఆ ఏడాది వచ్చింది. రజాకార్ల లారీలు తిరిగే రోడ్లు, ఎక్కడికక్కడ తవ్వేసిన దారులు, ఏ ఊరి నుంచి ఏ కబురు వస్తుందో తెలియని పగళ్లు. మా ఆయన నాగపూర్‌లో చదువుకుంటున్నాడు. సరిహద్దు మూసేశాక ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. కనబడ్డ కారునల్లా లాక్కుంటున్నారని విని మామ తన బండిని కొట్టంలో పెట్టి, దాని మీద గడ్డి కప్పించారు. అప్పటికే బ్రేకులు అరిగిపోయి ఉన్నాయి. చక్రం లోపల వేసే కొత్త పట్టీలు చివరిసారి కంపెనీకి వెళ్లినప్పుడే కొనుక్కొచ్చారు, మళ్లీ వెళ్లినప్పుడు బిగించుకుందామని. ఆ మళ్లీ వెళ్లడం కుదరలేదు.

ఒకరోజు గడ్డి తీసి, జాకీ పెట్టి, మామ తనే చక్రాలు ఊడదీశారు. ఎవరికి ఏ ఆపద వచ్చినా బండి కదలాలి కదా అన్నారు. నట్లు విప్పే పానాలు అందించడానికి నన్ను పిలిచారు. అంతకుముందు మామ ఎదురుగా నిలబడి మాట్లాడి ఎరుగను. ఆ కొట్టంలో వాన చప్పుడు వింటూ ఇద్దరం వంగి కూర్చుని, ఒక పట్టీ బిగించడం, సరిగ్గా లేదని ఊడదీయడం, మళ్లీ బిగించడం. "బిడ్డా, నువ్వు గూడ చూడు. నాకు మంచిగనే కనవడుతున్నది గని, నా కండ్లను నేను నమ్మ," అనేవారు.

అన్నీ బిగించాక నేల మీద పరిచిన గోనెసంచి దులిపితే ఒక వాషర్ కింద పడింది.

అది ఎక్కడిదో ఇద్దరికీ తెలియలేదు. మళ్లీ అన్ని చక్రాలూ విప్పి చూశాం. ఎక్కడా ఖాళీ కనబడలేదు. ఆ వాషర్‌ను మామ జేబులో వేసుకుని తిరిగారు. అన్నం తింటూ తింటూ తీసి చూసుకునేవారు.

పోలీసు చర్య జరిగింది. యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు అని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మా పక్కింట్లో మాత్రం ఊపిరి బిగపట్టారు. అక్కడ ఉండేది మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచే ముస్లిం ఆవిడ, ఆమె ఇద్దరు కూతుళ్లు. భర్త తహసీలు కచేరీలో గుమస్తాగా పనిచేసి ఎప్పుడో పోయాడు. రజాకార్లతో ఆ ఇంటికి ఏ సంబంధమూ లేదు. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఎవరు ఏం చేశారన్నది కాక, ఎవరు ఎవరివాళ్లన్నదే చూస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఆపా తలుపు మీద రాళ్లు పడ్డాయి. ఆమె తమ్ముడు సికింద్రాబాద్‌లో ఉన్నాడు. అక్కడిదాకా చేరితే చాలు.

మామ కొట్టం వైపు చూశారు. అత్త ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"మనకేదన్న అయితే మనకే. పరాయి ఆడపిల్లల్ని ఎక్కిస్తరా? ఆ బ్రేకులు కంపెనీ వాళ్లు సూడనన్న సూడలే. ఆ వాషరేందో మీకే ఎరుక లేదాయె!"

"అదే నా భయం గూడ," అన్నారు మామ.

ఆయన నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డారు. "ఆపా, బండి తీస్త. గని ఒక మాట దాచొద్దు. బ్రేకులు నేనే బిగించిన. మిస్త్రీ చెయ్యి వడలే. గీ వాషర్ ఎక్కడిదో నాకు సమజ్ అయితలేదు. అయినా వస్తరా?"

ఆపా ఆ వాషర్ వైపు చూడను కూడా చూడలేదు. "వకీల్ సాబ్, మీ బ్రేకుల కన్న మా తలుపు కమ్జోరున్నది, ఇంకో రాయికి ఆగదు. పోదాం పాండ్రి," అంది.

తెల్లవారగానే బయలుదేరాం. ముందు సీటులో పెద్ద బొట్టు పెట్టుకుని నేను కూర్చోవాలని మామ చెప్పారు. వెనక ఆపా, ఇద్దరు పిల్లలు నా చీరలు కట్టుకుని. ఊరు దాటేలోపే మామ బండి ఆపి, దిగి, చక్రాలు తాకి చూసి ఎక్కారు. కొంత దూరం పోయాక మళ్లీ. ఎక్కడో పొగ కనిపిస్తే ఆపా చిన్న కూతురు నా భుజం పట్టుకునేది. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉండేది.

నర్సాపూర్ అడవిలో దారి కిందికి దిగేచోట, మలుపు తిరగగానే, రోడ్డుకు అడ్డంగా ఒక మొద్దు కనిపించింది. దాని ముందు కర్రలు పట్టుకుని జనం. మామ బ్రేకు తొక్కారు. బండి కుడివైపుకు లాగి, బురదలో జారి, వాళ్లకు కొంచెం ఎగువన ఆగింది.

"ఎవరయ్యా లోపట? యాడికి?" అంటూ ఒకతను పైకి నడుచుకుంటూ వచ్చాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. తర్వాత వెనక్కి చూశాడు. ఆపా తల దించుకోలేదు. చిన్నది మాత్రం ఏడుపు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. "ఈ పిల్ల ఎందుకు ఏడుస్తున్నది?"

అప్పుడు బండి కదిలింది. మెల్లగా, తనంతట తానే, కిందికి.

"జరుగుండ్రి!" అని మామ అరిచారు. అలాంటి అరుపు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. "బ్రేకు పట్టుకుంటలేదు! నాయనా, మొద్దు తియ్యుండ్రి, మీ మీదికొస్తది!"

అతను తలుపు వదిలి గట్టు మీదికి దూకాడు. కిందివాళ్లు కర్రలు పడేసి మొద్దును పక్కకు లాగారు. మేం వాళ్ల మధ్య నుంచే దొర్లుకుంటూ పోయాం. వెనక నుంచి ఎవరో, "పైలం, పైలం! జాగ్రత్త!" అని కేక వేయడం వినిపించింది. మమ్మల్ని కాపాడాలనే ఆ కేక. ఇప్పటికీ తలుచుకుంటే ఏమనుకోవాలో తెలియదు.

దిగువ నుంచి గేరు మీదే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి, మధ్యాహ్నానికి ఆపాను, పిల్లల్ని ఆమె తమ్ముడి ఇంట్లో దింపాం. మామ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తిన్నగా కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లి, చక్రాలు విప్పి చూడమన్నారు. పెద్ద మిస్త్రీ అన్నీ విప్పి చూశాడు. కుడివైపు కాస్త బిగువు ఎక్కువైందని సరిచేశాడు. "గంతే సాబ్. బ్రేకులు పక్కాగ పట్టుకుంటున్నయి. మేం చేసినా గిట్లనే చేస్తుంటిమి," అన్నాడు.

"ఆగిన బండి జారింది గదా?"

"జారదు సాబ్. మీరు కాలు తీసిండ్రేమో."

మామ వాషర్ తీసి చూపించారు. మిస్త్రీ నవ్వాడు. "గిది కారుది గానే గాదు. ఏ సైకిల్‌దో!"

మామ బెంచీ మీద కూలబడ్డారు. ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాను, కాలు కావాలనే తీశారా అని. "వణికి లేచిందో, నేనే లేపిన్నో నాకే తెల్వదు బిడ్డా," అనేవారు. ఆ మాట అబద్ధమని నాకు ఎన్నడూ అనిపించలేదు. భయపడే మనిషి చేతిలో మేమందరం క్షేమంగా చేరాం. అది మాత్రం నిజం.

ఆ తర్వాత ఆయన కారు పని చాలావరకు తనే చేసుకున్నారు. అయినా ఏడాదికోసారి కంపెనీకి తీసుకెళ్లడం మానలేదు. "చేసుడు మనం చేసుకోవచ్చు. చూసుడు మాత్రం ఇంకొకరు చూడాలె," అని నా పిల్లలకు, వాళ్ల లెక్కలు దిద్దేటప్పుడు కూడా, చెప్పేవారు. ఆపా మళ్లీ మెదక్‌లో కాపురం ఉండలేదు. పెద్దమ్మాయి పెళ్లికి మాత్రం మామను పిలిపించుకుని, తండ్రి కూర్చోవలసిన చోట కూర్చోబెట్టింది.

నాకు మామ అంటే కళ్ల ముందు నిలిచేది ఆనాటి తిరుగు ప్రయాణం. వెనక సీటు ఖాళీ. మెదక్ పొలిమేరలో పొద్దు వాలుతుండగా బర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మామ చాలా దూరం నుంచే బ్రేకు తొక్కారు. బండి ఏ వైపుకూ లాగకుండా తిన్నగా ఆగింది. బర్రెలు ఒక్కొక్కటే మమ్మల్ని రాసుకుంటూ, అద్దాల మీద బురద పూస్తూ దాటిపోయాయి. కాపరి కూడా వెళ్లిపోయాడు. రోడ్డంతా ఖాళీగా ఉంది. మామ కదల్లేదు. వంగి చూశాను. ఆయన రెండు పాదాలూ ఒకదాని మీద ఒకటిగా బ్రేకు మీద ఉన్నాయి, కాలివేళ్లు తెల్లగా పాలిపోయి.